మంచం మీద టై

ఈ రోజు పట్టాలు అందుకున్న రంగస్థల, చలనచిత్ర విద్యార్థులందరికీ నా హృదయపూర్వక అభినందనలు.

నాకెంతో ఇష్టమైన ఒక రుమేనియా నాటకం గురించి మీతో మాట్లాడాలని వచ్చాను. కారజాలె రాసిన ‘తుఫాను రాత్రి’ 1879లో బుకారెస్టులో తొలిసారి రంగస్థలం ఎక్కింది. అందులో కలప వ్యాపారి దుమిత్రాకెకి ఇంటి పరువే ప్రాణం. భార్య వేత మాత్రం అతను కళ్లు మూసుకుని నమ్మిన గుమాస్తా కిరియాక్‌ను ప్రేమిస్తుంది. ఒక రాత్రి, వేత చెల్లెలి కోసం వచ్చిన కుర్ర విలేఖరి, గుమ్మం దగ్గరి నంబరు తలకిందులుగా ఉండటంతో పొరబడి వేత గదిలోకి వస్తాడు. ఇక పరుగులు, కేకలు!

జాన్ జార్జెస్కు 1943లో దీన్ని సినిమాగా తెచ్చారు. నాటకంలో దుమిత్రాకె నోట మాత్రమే వినే వేసవి తోట వినోదాన్ని ఆయన కళ్లకు కట్టారు. పదేళ్ల తర్వాత కారజాలెదే ‘పోయిన ఉత్తరం’ తీసిన సికా అలెక్సాండ్రెస్కు, విక్టర్ ఇలియు మాత్రం నేషనల్ థియేటర్ ప్రదర్శననే నమ్ముకున్నారు. ఆ హాస్యానికి ప్రాణం నటుల పలుకులోనే ఉంది కదా! నాటకం ఏది అడుగుతుందో విని, దాన్నిబట్టి దారి ఎంచుకోవాలి.

‘తుఫాను రాత్రి’ చివరి ఘట్టం చూడండి. మంచం మీద మగవాడి టై ఒకటి దుమిత్రాకె కంటబడుతుంది. గుండె గుభేలుమంటుంది. కిరియాక్ చూసి, అది నాదేనంటాడు. ఆ మాటతో దుమిత్రాకె మనసు కుదుటపడుతుంది! రంగస్థలం మీద ఎవరి ముఖం చూడాలో ప్రేక్షకుడి ఇష్టం. సినిమాలో అది మీరు నిర్ణయించాలి. కెమెరాను భార్య మీద నిలిపితే భయం, గుమాస్తా మీద నిలిపితే మోసం, భర్త మీద నిలిపితే అమాయకమైన నమ్మకం కనిపిస్తాయి. నవ్వు ఒక్కటే, దాని అర్థం మాత్రం మూడు రకాలుగా మారుతుంది.

ఆ అర్థానికి వెల కూడా ఉంటుంది. కారజాలె కార్నివాల్ నాటకం ఆధారంగా లూచియాన్ పింతిలియె 1981లో తీసిన సినిమాను నాటి ప్రభుత్వం ఆపేసింది. 1990లో గానీ జనం చూడలేకపోయారు. నవ్వు అంత బలమైనది.

ఆ బలం ఈ రోజు నుంచి మీ చేతుల్లో ఉంది. కడుపుబ్బ నవ్వించండి. కానీ ఆ టై పట్టుకుని నిలబడ్డ మనిషి గుండె ఎలా కొట్టుకుందో మాత్రం మరచిపోకండి. మీకు శుభం కలగాలి.