ఖాళీ డబ్బా
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



పురుగుమందుల గూర్చి మాట్లాడుమని కార్యదర్శిగారు కోరినారు. పంట సంగతి నాకంటె మీకే బాగుగా తెలియును. నేను ఇంటిలోనికి వచ్చు డబ్బాను గూర్చి మాత్రమే చెప్పెదను.

2013 జూలై 16న బీహారులోని గండామన్ గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్లు పరీక్షలో తేలినది. పత్తిచేలవారికి ఈ పేరు క్రొత్త గాదు.

ఈ జాతి మందులు నరముల సంకేతమును సకాలమున ఆపు ఎంజైమును పనిచేయనీయవు. అందువలన చెమట, చొంగ, వాంతులు కలుగును, కనుపాపలు సూదిమొనలంతగును, తుదకు ఊపిరి ఆగును. నోటిద్వారానే గాక చర్మముద్వారాను ఈ విషమెక్కును.

మందు ఎంత తీవ్రమైనదో డబ్బామీది త్రికోణము చెప్పును: ఎరుపు మిక్కిలి తీవ్రము, పిదప పసుపు, నీలము, ఆకుపచ్చ. కాని అది మనకెంత సోకునో ఏ రంగును చెప్పదు. మందుతో తడిసిన చొక్కాను సాయంత్రమువరకు విడువనివాడు రంగును నమ్ముకొని లాభము లేదు.

ఖాళీ డబ్బాలో విత్తనములు, కిరోసిను, ఒక్కొక్కచోట త్రాగునీరు సైతము పోయుట చూచితిని. అడిగినచో “కడిగినాము గదా” యందురు! ప్లాస్టిక్కు పీల్చుకొనిన మందు కడిగినను పూర్తిగా పోదు. మూడుమార్లు కడిగి, ఆ నీటిని పిచికారీ పంపులోనే పోసి, డబ్బా మరి పనికిరాకుండ అడుగున చిల్లులు పొడువుడు.