డ్రామా అనే మాట
(కృష్ణగిరి సభలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల పక్కూరి మాదిగగేరి నుంచి ఒక అక్క బోరు కింద శెనక్కాయ పీకే పనికి పోయింది. మిట్టమధ్యాహ్నం కళ్లు తిరిగి సాళ్లల్లోనే పడిపోయింది. గట్టు మీద నిలబడిన ఆసామి ఏమన్నాడో తెలుసా? "లెయ్ లెయ్, డ్రామాలాడొద్దు." సాయంత్రం సగం కూలి కోసినాడు. ఆ ఒక్క మాట గురించే ఈ పొద్దు నాలుగు ముక్కలు చెప్పాలనుకున్నాం.

డ్రామా ఇంగ్లీషువాళ్లకు కూడా సొంత మాట కాదు, గ్రీకు నుంచి తెచ్చుకున్నారు. గ్రీకులో దాని మూలం 'చేయడం'. చేసిన పనే డ్రామా. ఆ లెక్కన పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దుగూకేదాకా ఈ ఊళ్లల్లో డ్రామా చేసేది మనమే, గట్టు మీద నిలబడినోడు కాదు. అబద్ధం అనే అర్థం తర్వాత అంటుకున్నది. ఇది మన ఊళ్ల పాపం ఒక్కటే కాదు. గ్రీకులో నటుణ్ని పిలిచిన మాటే ఇంగ్లీషుకు వచ్చి కపటి అనే తిట్టయింది.

మన వాడుక చూడండి. "నాటకాలాడతాండావా", "వేషాలెయ్యొద్దు", "వాని భాగోతం బయటపడింది", "చిందులు తొక్కొద్దు". భాగోతం రాత్రంతా ఆడి పొట్టపోసుకున్న కళ. చిందు భాగోతాన్ని తెలంగాణలో చిందు మాదిగలు తరతరాలుగా నిలబెట్టినారు, చిందు ఎల్లమ్మ పేరు మీరూ వినింటారు. ఇట్లాంటి ఆటల పేర్లన్నీ తిట్లయిపోయినాయి. "పురాణం విప్పొద్దు" అని కూడా అంటారు కద సార్ అని ఒక తమ్ముడు మమ్మల్ని నిలదీసినాడు. అంటారు, కాదనం. కాని అది మాట సాగదీసేవాణ్ని అనేది. అబద్ధమాడినావు అని చెప్పడానికి మాత్రం ఎక్కువగా వేషం మాటే వాడతారు.

డ్రామా అంటే మన పడమటి తాలూకాలకు మొదటినుంచి పిచ్చి. ఆదోని, ఆలూరు 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లాలోనే ఉండినాయి. ఆ బళ్లారిలోనే ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1886లో సరసవినోదిని సభ పెట్టినాడు. బళ్లారి రాఘవ పేరు చెప్పనక్కరలేదు. ఊళ్లల్లో జాతరకు హరిశ్చంద్ర ఆడితే తప్పెట కొట్టి చాటింది మనోళ్లు, స్టేజీ గుంజలకు గుంతలు తీసింది మనోళ్లు. కూర్చునేది మాత్రం అందరికంటే వెనక. మా నాయన అట్లనే చూసినాడు.

ఆ కాటి సీను గుర్తు తెచ్చుకోండి. రాజు వీరబాహునికి అమ్ముడుపోయి కాశీలో కాడు కాస్తాంటాడు. పెండ్లాము పాము కరిచిన బిడ్డ శవాన్ని తెస్తే కాటి సుంకం అడుగుతాడు. అక్కడ జాషువా శ్మశానం పద్యాలు ఎత్తుకుంటే జనం వన్స్ మోర్ అంటారు, ఆడోళ్లు కొంగులు తడుపుకుంటారు. ఎవరి కోసం ఆ ఏడుపు? రాజుకు మన పని పట్టిందే అని. అదే పని పుట్టినప్పటినుంచి చేస్తాండే వీరబాహుని కోసం ఎవరూ ఏడవరు. ఇంకో సంగతి. మార్కండేయ పురాణంలో ఆ చండాలుడు నిజంగా చండాలుడే కాదు, సాక్షాత్తు ధర్ముడు, మారువేషంలో వచ్చినాడు. అంటే ఆ కథలో మనోడనేవాడే లేడు. తెల్లారి నిజం కాటికాపరి గుంత తీసిన కూలి అడగబోతే వినబడేది ఏంది? "డ్రామాలాడొద్దు."

ఈ మాట చేలల్లోనే ఉంటే పోనీ అనుకోవచ్చు. 2018 మార్చి 20న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు అట్రాసిటీ చట్టం దుర్వినియోగం అవుతోందన్నారు. కేసు కట్టకముందే ప్రాథమిక విచారణ జరపొచ్చన్నారు, అరెస్టుకు పై అధికారి అనుమతి కావాలన్నారు. కోర్టు భాషలో దుర్వినియోగం, మన ఊరి భాషలో డ్రామా. ఏప్రిల్ 2న భారత్ బంద్ జరిగింది, ఆ రోజు ప్రాణాలు పోయినాయి. ఆగస్టులో పార్లమెంటు 18ఎ సెక్షను చేర్చి, కేసు కట్టడానికి ముందస్తు విచారణ అక్కరలేదని తేల్చింది. 2019 అక్టోబరు 1న సుప్రీంకోర్టే తన ఆదేశాలు వెనక్కి తీసుకుంది.

చుండూరు చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపినారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. అప్పుడు కూడా "అంతా డ్రామా అని తేలిపోయింది" అన్న నోళ్లున్నాయి. ఎనిమిది శవాలు ఏ వేషం కట్టినాయో వాళ్లే చెప్పాల.

ఇప్పుడు మా సంగతి. దాచుకుంటే ఈ మాటలు చెప్పే అర్హత ఉండదు. ఒక సోమవారం పొద్దున మా క్లాసులో మన పిల్లోడే ఒకడు "కడుపు నొప్పి సార్" అని ముడుచుకున్నాడు. మేం లెక్కలు చెప్తాంటిమి. "డ్రామాలాడకు, కూర్చో" అన్నాం. వాడు కూర్చున్నాడు. మధ్యాహ్నం బడి అన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాక నొప్పి పోయింది. అమ్మానాయన సుగ్గికి గుంటూరు దిక్కు మిరపకాయ కోతకు పోయినారు, వాడు అవ్వ దగ్గర ఉండాడు. ఆదివారం బడి లేదు, బడి అన్నం లేదు. ఇంట్లో మొదటి డిగ్రీ మాది. మేం కూడా సోమవారాలు ఆ నొప్పి పడినోళ్లమే. అయినా ఆ మాట మా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో! కుర్చీ ఎక్కితే వస్తుందేమో మరి.

అందుకే సంఘంలో పనిచేసే తమ్ముళ్లకు ఒకటి చెప్తాం. ఎవరన్నా వచ్చి జరిగింది చెప్తాంటే ముందు వినండి. తారీఖు, టైము, పక్కన ఎవరుండిరి, అన్న మాట అన్నట్టే రాసుకోండి. అట్రాసిటీ కేసయితే స్టేషనులో నోటిమాటతో చెప్పింది రాసుకుని, సంతకం పెట్టించుకునే ముందు చదివి వినిపించాల. కాపీ అప్పుడే ఇయ్యాల. 2015 సవరణ తర్వాత 4వ సెక్షనులో ఇది స్పష్టంగా ఉంది. కావాలని ఎగ్గొట్టిన అధికారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. ఆ అధికారి మన కులాలవాడైతే ఆ సెక్షను వర్తించదు, అది కూడా గుర్తుపెట్టుకోండి.

ఆ అక్క ఇక్కడే కూర్చునింది. పేరు చెప్పొద్దన్నది, చెప్పం. బేస్తవారం పొద్దున ఆ సగం కూలి అడగడానికి పోతాండాం. వచ్చేవాళ్లు ఏడింటికల్లా బడి కాడికి రండి.