ఆలోచనకూ అలవాటు కావాలి

(రోగుల బంధువుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలో ఒక స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగం)



షుగరు గురించి, టి.బి. గురించి, బాలింతల జాగ్రత్తల గురించి ఈ హాల్లో చాలాసార్లు విని ఉంటారు. ఈరోజు నాకు ఇచ్చిన అంశం వేరు: లోతుగా, కొత్తగా ఆలోచించడానికి మనసుకు శిక్షణ ఇవ్వడం. ఇది మేష్టర్లు చెప్పాల్సిన మాట కదా, సిస్టరుకు ఏం పని అనుకుంటున్నారేమో. డాక్టరుగారు రౌండ్సులో మీ పేషెంటు దగ్గర నిలబడేది కొన్ని నిమిషాలు. మేము మా డ్యూటీ ఉన్నంతసేపు చూస్తాం. మిగిలిన వేళల్లో చూసేది మీరే. డిశ్చార్జి అయి ఇంటికి వెళ్ళాక ఇరవైనాలుగు గంటలూ మీరే. అక్కడ ప్రతి పూటా ఏదో ఒకటి మీరే ఆలోచించి తేల్చుకోవాలి. ఆ ఆలోచన మీద ఒక్కోసారి ప్రాణమే ఆధారపడుతుంది.

షుగరు మాత్రలు వాడే ఒక పెద్దాయన సంగతి తీసుకుందాం. మధ్యాహ్నం వేళ ఒళ్ళంతా చెమటలు పట్టి, మాట తడబడి, మగతగా ఒరిగిపోయాడు. ఇంట్లో ముందుగా ఏమంటారు? "ఎండకు నీరసం వచ్చింది, కాసేపు పడుకోనివ్వండి" అంటారు. ప్రేమ లేక కాదు, ముందు తోచిన మాట అదే కాబట్టి. అక్కడ ఒక్క క్షణం ఆగి, "నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది?" అని అడుగుకుంటే కథ మారిపోతుంది. పొద్దున మాత్ర వేసుకున్నాడు, టిఫిను మాత్రం తినలేదు. అంటే షుగరు పడిపోయి ఉండవచ్చు. మీటరు ఉంటే చూడండి. 70 కంటే తక్కువ ఉంటే పడిపోయినట్టే. మీటరు లేదని ఊరుకోకండి. మింగగలిగే స్థితిలో ఉంటే మూడు నాలుగు టీ చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాలకు మళ్ళీ చూసి, తేరుకున్నాక అన్నం పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో చుక్క కూడా పోయకుండా 108కి ఫోన్ చేయండి. ఇంకొక మాట. షుగరు బాగానే ఉండి మాట తడబడుతున్నా, మూతి వంకరపోయినా, చెయ్యి పైకి లేవకపోయినా అది పక్షవాతం కావచ్చు. అప్పుడు పంచదార నీళ్ళు కలుపుతూ కూర్చోకూడదు, వెంటనే బయలుదేరాలి. రెండో ఆలోచన దగ్గర కూడా మనసు ఆగిపోకూడదని ఇందుకే చెప్పడం.

ఇలా ఆలోచించడం పుట్టుకతో వచ్చే తెలివి కాదు. సాధన చేస్తే వస్తుంది. ఆ సాధనలో మొదటిది చూడటం. నవ్వకండి, చూడటం చాలామందికి రాదు. "ఎలా ఉన్నాడమ్మా?" అని అడిగితే "అలాగే ఉన్నాడు సిస్టర్" అంటారు. అలాగే అంటే ఎలాగ? ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో 'నోట్స్ ఆన్ నర్సింగ్' అనే చిన్న పుస్తకం రాశారు. అది నర్సుల కోసం రాసింది కాదు, ఇంట్లో జబ్బుమనుషుల్ని చూసుకునే మామూలు ఆడవాళ్ళ కోసం రాసింది. అందులో రోగిని గమనించడం గురించి ఒక అధ్యాయమే ఉంది. మెరుగ్గా ఉందా లేదా అనే అభిప్రాయం కంటే కళ్ళతో చూసిన సంగతి ముఖ్యమని ఆమె వాదన. "నీరసంగా ఉన్నాడు" అనేది అభిప్రాయం. "రాత్రి రెండు ముద్దలే తిన్నాడు, నాలుగుసార్లు మూత్రానికి లేచాడు, తెల్లవారుజామున ఒళ్ళు వేడిగా ఉంది" అనేది చూసిన సంగతి. డాక్టరుగారికి రెండోదే పనికొస్తుంది. రోజుకు ఐదు నిమిషాలు ఫోను పక్కన పెట్టి పేషెంటు దగ్గర కూర్చోండి. ఊపిరి ఎలా తీస్తున్నాడు, పాదాలు వాచాయా, ఏ పక్కకు తిరిగితే మూలుగుతున్నాడు, చూడండి. వారం తిరిగేసరికి మీ కళ్ళకు ఇదివరకు ఆననివి ఆనుతాయి.

రెండోది, ఎందుకు అని అడగడం, మొదటి జవాబు దగ్గర ఆగకపోవడం. మన ఇళ్ళలో తరచుగా కనిపించేదే ఒకటి చెబుతాను. అత్తగారు నీళ్ళు తాగరు. మూత్రంలో మంట, మళ్ళీ మళ్ళీ జ్వరం. కోడలు చెప్పీ చెప్పీ విసిగి "మా అత్తయ్యది మొండితనం" అంటుంది. మొండితనం అనేస్తే ఇక చేయడానికి ఏమీ మిగలదు, పోట్లాడటం తప్ప. ఎందుకు తాగరు? రాత్రి లేవాల్సి వస్తుందని. లేస్తే ఏం? మరుగుదొడ్డి పెరట్లో ఉంది, దారిలో దీపం లేదు, పోయినేడు అక్కడే జారిపడ్డారు. కోడల్ని నిద్ర లేపడానికి మొహమాటం. చూశారా, సమస్య నీళ్ళ దగ్గర లేదు, పెరటి దారిలో ఉంది. దారికి ఒక బల్బు, మంచం దగ్గర రాత్రికి ఒక బెడ్‌పాన్, తాగాల్సిన నీళ్ళలో ఎక్కువ భాగం సాయంత్రం లోపే తాగించడం. ఖర్చు ఎంత? కొత్తగా ఆలోచించడం అంటే ఇదే. (గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి మాత్రం నీళ్ళు ఎన్ని ఇవ్వాలో డాక్టరుగారిని అడగండి.)

ఇలాంటి ఆలోచన ఎంత దూరం వెళ్తుందో చూడండి. 1840లలో వియన్నా నగరంలోని పెద్దాసుపత్రిలో రెండు కాన్పుల వార్డులు ఉండేవి. ఒకదానిలో డాక్టర్లు, వైద్య విద్యార్థులు కాన్పు చేసేవారు. రెండోదానిలో మంత్రసానులు. మొదటి వార్డులో బాలింతలు జ్వరంతో ఎక్కువగా చనిపోయేవారు. చెడుగాలి వల్ల అని అందరూ సరిపెట్టుకున్నారు. ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే యువ డాక్టరుకు ఆ జవాబు నచ్చలేదు. గాలి రెండు వార్డుల్లోనూ ఒకటే కదా! రద్దీయా అని చూశాడు, కాదు. కాన్పు సమయంలో పడుకునే తీరా అని అది మార్చి చూశాడు, కాదు. ఒక్కొక్కటే కొట్టివేస్తూ వచ్చాడు. 1847లో ఆయన స్నేహితుడైన డాక్టరు ఒకరు శవపరీక్ష గదిలో కత్తి గాటు పడి, అచ్చం బాలింతల జ్వరం లాంటి లక్షణాలతోనే చనిపోయాడు. అప్పుడు వెలిగింది. శవాలను కోసిన చేతులతోనే డాక్టర్లు కాన్పులకు వస్తున్నారు, మంత్రసానులు శవాలను ముట్టరు. క్లోరిన్ కలిపిన నీళ్ళతో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆ వార్డులో నూటికి 18 మంది చనిపోతే, జూన్ నాటికి అది రెండుకు దగ్గరగా వచ్చింది. మీరు వార్డులోకి వచ్చేముందు చేతులు కడుక్కోమని మేము గొణిగేది ఊరికే కాదు.

మన దేశంలోది ఇంకొకటి. నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటికి లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది. నేల మీదే రోగులు, సెలైను సీసాలు అయిపోతున్నాయి, సూది పెట్టే చేతులూ చాలవు. అక్కడున్న డాక్టరు దిలీప్ మహలనాబిస్. చక్కెర తోడుంటే పేగు ఉప్పునూ నీళ్ళనూ పీల్చుకుంటుందని అప్పటికే పరిశోధనల్లో తెలుసు. ఆయన గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కొలత ప్రకారం కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో నింపి పెట్టించారు. మరి తాగించేది ఎవరు? నర్సులు లేరు. పేషెంటు పక్కన ఎవరున్నారు? తల్లి ఉంది, అన్న ఉన్నాడు. కప్పులు వాళ్ళ చేతికే ఇచ్చారు! శిబిరంలో సుమారు 30 శాతం ఉన్న మరణాలు, ఆ నీళ్ళు తాగించిన వారిలో 3.6 శాతానికి దిగాయి. ఈరోజు మీరు కొనే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు ప్రపంచమంతా ఇంటింటికీ చేరడానికి ఆ శిబిరం అనుభవం ఎంతో తోడ్పడింది. 2022లో ఆయన చనిపోయాక, 2023లో ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. అక్కడ ఆయన కొత్త మందేమీ కనిపెట్టలేదు. ఉన్నవాటినే పక్కపక్కన పెట్టి చూశారు. సెలైను లేదు అనే దగ్గర ఆగకుండా, ఏముంది అని చూశారు.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక. కొత్తగా ఆలోచించమన్నానని కొలతల్లో కొత్తదనం చూపించకండి. లీటరు ప్యాకెట్టు లీటరు నీళ్ళలోనే కలపాలి. సగం నీళ్ళలో కలిపితే బలం ఎక్కువ అనుకోవడం చంటిబిడ్డకు ప్రమాదం. మింగలేకపోతున్నారని మాత్ర నూరాలనుకుంటే ముందు మమ్మల్ని అడగండి, కొన్ని నూరకూడనివి ఉంటాయి. దగ్గు తగ్గిందని టి.బి. మందు ఆపకండి. పెట్టే తీరు, పిలిచే తీరు, గది సర్దే తీరు మీ ఇష్టం. మోతాదు మీ ఇష్టం కాదు.

మీ ఒంటి సంగతి కూడా చెప్పాలి. మూడు రాత్రులు బెంచీ మీద కూర్చున్న మనిషికి లోతైన ఆలోచన రమ్మంటే రాదు. వంతులు వేసుకోండి. ఆపరేషనుకు ఒప్పుకోవాలా, ఇంటికి తీసుకెళ్ళాలా అనేవి నిద్రలేని కళ్ళతో తేల్చకండి. అత్యవసరమైతే డాక్టరుగారే చెబుతారు. వ్యవధి ఉంటే ఒక రాత్రి పడుకుని మాట్లాడుకోండి. దారి తోచనప్పుడు వరండాలో పది నిమిషాలు నడవండి. నడుస్తున్నప్పుడు కొత్త ఉపాయాలు ఎక్కువగా తోస్తాయని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 2014లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. ఒకే సరైన జవాబు ఉండే లెక్కలకు మాత్రం నడక అంత సాయపడలేదట. కాబట్టి ఉపాయం కోసం నడవండి, మాత్రలు లెక్కపెట్టేటప్పుడు కూర్చోండి.

ఇందాక వెనక వరసలో ఒక అమ్మ అడిగింది: "ఇవన్నీ రాసిపెట్టుకోమంటే మాకు చదువు రాదు కదమ్మా?" రాయనక్కర్లేదు. మంచం పక్కన రెండు గిన్నెలు పెట్టండి. ఒకదానిలో ఎనిమిది చింతగింజలు వేయండి. గ్లాసు నీళ్ళు తాగించినప్పుడల్లా ఒక గింజ రెండో గిన్నెలోకి మార్చండి. విరేచనం అయినప్పుడల్లా గోడ మీద ఒక బొగ్గు గీత గీయండి. రౌండ్సు వచ్చినప్పుడు ఆ గింజలు, ఆ గీతలు చూపించండి, లెక్క మేము రాసుకుంటాం. ఇంకా ఎవరికైనా సందేహాలుంటే అడగండి, నా డ్యూటీ రెండు గంటలకు.