ఇప్పపూల కాలంలో పదో తరగతి



భద్రాచలం అడవుల్లో ఇప్పపూలు రాలేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. పదో తరగతి పరీక్షలూ అప్పుడే. తెల్లారకముందే బుట్ట పట్టుకుని చెట్టుకిందికి వెళ్లే పిల్ల, ఖమ్మంలో ట్యూషన్‌కు వెళ్లే పిల్ల ఒకే ప్రశ్నపత్రం రాస్తారు. ఫలితాలు వచ్చాక రెండు బడుల ఉత్తీర్ణత శాతాలూ పేపర్లో పక్కపక్కనే పడతాయి. ఏది మంచి బడో అక్కడితో తేలిపోయిందంటారు జనం. అది అన్యాయపు పోలిక.

2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం, గిరిజనుల్లో 49 శాతమే. ఇంట్లో కోయ మాట్లాడే బిడ్డకు ఒకటో తరగతి తెలుగు వాచకమే కొత్త భాష. ఆ ఇబ్బందిని గుర్తించే ప్రభుత్వం 2004లో కోయతో సహా 8 గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టింది.

ఇంటినీ బడినీ విడదీసి చూడటం సాధ్యమేనా? ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసి చూపించారు. ఉమ్మడి రాష్ట్రంలోని 180 పల్లెల్లో, 2008 నుంచి, ప్రైవేటు బడికి వెళ్తామని దరఖాస్తు చేసిన ప్రభుత్వ బడి పిల్లల్లో కొందరికి లాటరీ తీసి ఫీజు కట్టించారు. లాటరీ గనుక ఇటూ అటూ ఒకేలాంటి ఇళ్ల పిల్లలే. మామూలుగా చూస్తే ప్రైవేటు పిల్లల మార్కులే ఎక్కువ. కానీ నాలుగేళ్ల తర్వాత లాటరీలో గెలిచినవారికీ గెలవనివారికీ తెలుగులో, లెక్కల్లో తేడా రాలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు. ఒక్కో పిల్లవాడిపై ప్రైవేటు బడి పెట్టిన ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతుకన్నా తక్కువ. ఆ సంగతినీ దాచకూడదు.

గురుకులాల విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. ఖమ్మం జిల్లా గురుకుల విద్యార్థి, సైకిల్ మెకానిక్ కొడుకు ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కాడు. ఆ గర్వం ఈ ప్రాంతమంతటిదీ. అయితే గురుకులంలో సీటు ప్రవేశపరీక్షతో వస్తుంది, ఊరి బడి వచ్చిన ప్రతి బిడ్డనూ చేర్చుకుంటుంది. అందుకే ఈ రెంటి ఫలితాలనూ నేరుగా పోల్చలేం.

జిల్లా పేరూ మోసం చేస్తుంది. ఖమ్మం జిల్లా నుంచి 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, 2016లో భద్రాద్రి కొత్తగూడెం విడిపోయింది. అప్పటి ఖమ్మం శాతాన్నీ ఇప్పటి ఖమ్మం శాతాన్నీ పోల్చితే వేర్వేరు పిల్లలను పోల్చినట్టే.

నేపథ్యాన్ని లెక్కలోకి తీసుకోవడమంటే "కోయ పిల్లలింతే" అని సరిపెట్టుకోవడం కాదు. ఆ మాట ఏ స్టాఫ్‌రూమ్‌లోనూ వినపడకూడదు. డిగ్రీ పట్టాలతో జూన్‌లో బడిలో అడుగుపెట్టే కొత్త టీచర్లు మొదటి వారంలోనే ఒక నోటుబుక్కు తెరవాలి: ఇంట్లో ఏ భాష, ఎవరు ఎంతవరకు చదవగలరు, ఏ నెలలో ఎవరు అడవికి వెళ్తారు. ఇప్పపూలు రాలే వేళకు అదే పేజీ మళ్లీ తీసి, ఒక్కో పేరు పక్కన అప్పటికి వచ్చినదేమిటో రాయాలి.