తుపానుకు ముందు ఇంటికప్పు



2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ, ఆదివారము. విశాఖపట్టణ ప్రాంతమువా రెవ్వరును ఆ దినమును మరువలేదు. ఆ మధ్యాహ్నము హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో ఈ తీరమును దాటినది. విమానాశ్రయపు పైకప్పే చెదరినది. ఇక రేకులయిండ్ల మాట చెప్పనేల? మరల అట్టి గాలి వచ్చులోపల ఇంటికప్పు నెట్లు కాపాడుకొనవలెనో నేడు మనవి చేసెదను.

గాలి కప్పును నొక్కి కూల్చునని పలువురి యభిప్రాయము. అది పొరపాటు. గాలి కప్పును పైకి లాగును. ఇంటిమీదుగ వడిగా సాగునపుడు పైని పీడనము తగ్గును. లోపలి గాలి క్రిందినుండి నెట్టును. ఎదురుగాలి ప్రక్కనున్న తలుపు విరిగినచో ఆ నెట్టుడు మరింత హెచ్చును. కావున ఆ వైపు గడియలను ముందుగా చూచుకొనవలెను. 180 కిలోమీటర్ల గాలి యొత్తిడి చదరపు మీటరునకు సుమారు 150 కిలోల బరువునకు సమానము. అందు సగమే కప్పును లాగిన దనుకొన్నను, అంత చోటికి సిమెంటురేకు బరువు సుమారు 15 కిలోలు, పెంకుల బరువు సుమారు 40 కిలోలు మాత్రమే. కనుక బరువును నమ్మరాదు, కట్టును నమ్మవలెను. కప్పుపై రాళ్లు పేర్చినచో, అవి యెగిరి పొరుగువాని నెత్తిపై బడును.

మన పూర్వుల చుట్టిండ్లను తలచుకొనుడు. గోడ గుండ్రన, చూరు నేలకు చేరువ. గాలి పట్టుకొనుటకు మూల లేదు, దూరుటకు సందు లేదు. వానిలో వెలుతురు తక్కువ, నిప్పు భయ మెక్కువ; అవి తగ్గిపోయినవని నాకు విచారము లేదు. కాని యందలి యుపాయము మాత్రము గ్రహింపదగినది.

గాలి మొదట లాగునది అంచులను. కావున సొమ్ము చాలనివారు చూరు, కొప్పు, నాలుగు మూలలు ముందు బాగుచేసికొని, నడిమిభాగమును మరుసటి యేటికి ఉంచుకొనవచ్చును. సముద్రపు ఉప్పుగాలి యినుమును తినివేయును. జె బోల్టు పైనున్న నట్టును చూచి తృప్తిపడరాదు. రేకు క్రింద, కొక్కెము పట్టెను పట్టుకొన్నచోట చూడవలెను. అచ్చట సన్నబడినదానిని తీసి జింకుపూత గలదానిని వేయవలెను. మితిమీరి బిగించినచో సిమెంటురేకు పగులును. పెంకుటింటికి చూరువరుసలను తీగతో కట్టి, కొప్పు సున్నపు పగుళ్లను పూడ్చవలెను. తాటాకుటింటిపై పాత చేపలవలను పరచి, మోకులతో నేలలోని గుంజలకు బిగించుట మంచిది. అన్నిటికంటె ముఖ్యము, వాసములను గోడకో స్తంభములకో బంధించుట. అది లేనిచో గట్టికప్పు ఒక్కముక్కగా లేచిపోవును.

ఎక్కువారికి ఒక హెచ్చరిక. సిమెంటురేకుపై నేరుగా అడుగిడరాదు. అది చెప్పకుండ విరుగును. బోల్టుల వరుసలు పట్టెల జాడను తెలుపును. ఆ పట్టెలమీద అడ్డముగా బల్ల వేసికొని దానిపై నడువవలెను. పాత రేకులలో రాతినార యుండును. దాని ధూళి ఊపిరితిత్తులకు హాని, తడపక కోయరాదు.

అక్టోబరు, నవంబరు మాసములు మనకు తుపాను కాలము. వినాయకచవితికిని దసరాకును నడుమ, వాన తెరపియిచ్చిన దినములలో, ఈ పని ముగించుకొనవలెను. మగదిక్కు లేని యిండ్లకు ఊరివారే నిచ్చెనయు మోకులును పట్టుకొని పోవలెను.

తుపాను కన్ను ఊరిమీదుగా పోవునపుడు గాలి హఠాత్తుగా ఆగును. ఆకాశము తేటపడవచ్చును. ఇక పోయినదని జనులు వెలుపలికి వత్తురు, కొందరు చెదరిన రేకును సరిచేయ కప్పెక్కబోవుదురు. కొంతసేపటికి ఎదుటిదిక్కునుండి గాలి అదే యుధృతితో తిరిగి విరుచుకొనిపడును. ఆ నడిమి నిశ్శబ్దములో ఎవ్వరిని కప్పెక్కనీయకుడు. రెండవగాలి వెడలి, తెగిన తీగలలో కరెంటు లేదని విద్యుచ్ఛాఖవారు చెప్పువరకు నిచ్చెనను ఇంటిలోపలనే యుంచుడు.