జాన్ బ్రైటు: ఒక పార్లమెంటు సభ్యుని చరిత్రము



పార్లమెంటు సభ్యుడు ఎట్టివాడై యుండవలెనను ప్రశ్న ఎన్నికల దినములలో మన రచ్చబండలయొద్ద వినవచ్చుచుండును. దానికి సమాధానముగా నేడు నేనొక పరదేశీయుని చరిత్రమును మనవి చేయదలచితిని. ఆయన పేరు జాన్ బ్రైటు. ఆయన బెజవాడను చూడలేదు. అసలు హిందూదేశమునకే రాలేదు. అయినను కృష్ణా కాలువలక్రింద పుట్టి పెరిగిన నాబోటివానికి ఆయన చరిత్రము తెలిసికొనదగినదిగా తోచినది.

బ్రైటు 1811వ సంవత్సరమున ఇంగ్లండునందలి రాచ్‌డేలు అను ఊర జన్మించెను. తండ్రి నూలుమిల్లు యజమాని. వారిది యుద్ధము పాపమని నమ్ము క్వేకరు మతశాఖ. ఆ కాలమున విదేశధాన్యముపై విధించిన సుంకమువలన భూస్వాములకు లాభమును, పేదలకు తిండి కరవును కలుగుచుండెను. రిచర్డు కాబ్డెనుతో కూడి బ్రైటు ఆ చట్టమునకు విరోధముగా ఊరూర ఉపన్యసించెను. 1843లో డర్హామునుండి కామన్సు సభకు ఎన్నికయ్యెను. 1846లో ఆ చట్టము రద్దయ్యెను. మరుసటి యేడు మాంచెస్టరు పట్టణము ఆయనను తన ప్రతినిధిగా పంపెను.

ఇక మన సీమ సంగతి. 1832-33 నాటి నందన కరవునందు గుంటూరు మండలము పాడుపడెను. డొక్కల కరవని పెద్దలు చెప్పుకొనునది అదియే. కృష్ణ ప్రక్కనే పారుచుండెను. నీరు సముద్రము పాలగుచుండెను. జనులు అన్నమో రామచంద్రా యని మడియుచుండిరి. అటుపిమ్మట ఇరువది యేండ్లకుగాని, అనగా 1852కుగాని, బెజవాడయొద్ద ఆనకట్ట పని ఆరంభము కాలేదు. ఆర్థరు కాటను దొర ధవళేశ్వరమున చూపిన దారినే కెప్టెన్ ఓర్ దొర ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ పని నడపించెను. 1855లో అది ముగిసెను.

శిస్తు వసూలునందు కుంఫిణీవారికి గల శ్రద్ధ చెరువులయందును కాలువలయందును లేకపోయెను. ఈ సంగతిని లండను సభలో లెక్కలతో నిలదీసినవాడు బ్రైటు. 1834 మొదలు 1848 వరకు కుంఫిణీవారు యావద్దేశమున ప్రజోపయోగమైన పనులకు వెచ్చించినదానికంటె, మాంచెస్టరు పట్టణమొక్కటే తన మంచినీటికై ఎక్కువ సొమ్ము వెచ్చించినదని 1858లో ఆయన సభవారికి తెలిపెను.

ఇందు స్వార్థము లేదా యని మీరడుగవచ్చును. కలదు. మాంచెస్టరు మిల్లులకు ప్రత్తి అమెరికానుండి వచ్చుచుండెను. అది ఆగినచో మిల్లులు మూతపడును. కావున హిందూదేశపు ప్రత్తి వారికి కావలసియుండెను. 1848లో ఇక్కడి ప్రత్తిసాగును విచారించిన ఉపసంఘమునకు బ్రైటే అధ్యక్షుడు. ఆ మిల్లుల బట్టయే మన నేతగాండ్ర మగ్గములను మూలబెట్టినది. మిల్లులలో స్త్రీలకును పిన్నలకును పనిగంటలను పదికి తగ్గించు చట్టమును సైతము ఆయన ఎదిర్చెను. ఇవి దాచదగిన మాటలు కావు. అయినను ప్రత్తికై త్రవ్విన కాలువయందైనను పారునది నీరే. అడిగినవాని అక్కర ఏదైనను, ఆ ప్రశ్న న్యాయమైనది.

అదే 1858లో ఆయన మరియొక మాట చెప్పెను. ఇన్ని జాతులు, ఇన్ని భాషలు గల దేశమును ఒక్క గవర్నరు జనరలు ఏలజాలడనియు, కలకత్తా, మద్రాసు, బొంబాయి, ఆగ్రా, లాహోరు కేంద్రములుగా ఐదు ప్రభుత్వములుండుట మేలనియు, ఆంగ్లేయులు ఎన్నడైనను విడిచిపోవలసినవారేయనియు ఆయన భావము. ఆ ఐదింటిలో తెలుగువారికి వేరు చోటు లేదు. దానికై మనము 1953 వరకు వేచియుండవలసివచ్చెను.

1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమున మహాక్షామము కలిగెను. బ్రైటు 1877లో మాంచెస్టరునందు కాలువల ఆవశ్యకతను మరల ఉద్ఘాటించెను. మరుసటి యేడు కామన్సు సభ ఉపసంఘము కాటను దొరను పిలిచి విచారించెను. అప్పటికే ఆనకట్టల నీరందిన కృష్ణా గోదావరీ డెల్టాల పంటపొలములే ఆయన వాదమునకు సాక్ష్యము.

ఇక ఆయన శీలమును గూర్చి. 1854లో ఇంగ్లండు రష్యాతో క్రిమియా యుద్ధమునకు దిగెను. దేశమంతయు ఉప్పొంగుచుండగా బ్రైటు అది తప్పని చెప్పెను. మన ఆనకట్ట ముగిసిన 1855లోనే, ఫిబ్రవరి మాసమున, మడియుచున్న సైనికులను తలచి ఆయన చేసిన ఉపన్యాసమునకు సభ నిశ్శబ్దమయ్యెను. దాని ఫలమేమి? జనులు ఆయన బొమ్మను తగులబెట్టిరి. 1857 ఎన్నికలలో మాంచెస్టరు ఓటర్లు ఆయనను ఓడించిరి. కొలది నెలలకే బర్మింగుహాము పట్టణము ఆయనను ఎన్నుకొని, 1889లో మరణించువరకు తన ప్రతినిధిగా నిలుపుకొనెను. 1882లో తన ప్రభుత్వమే అలెగ్జాండ్రియా పట్టణముపై ఫిరంగులు ప్రయోగింపగా ఆయన మంత్రిపదవిని త్యజించెను.

ఆనాడు మన నీటి సంగతి నిర్ణయించిన సభలో మనవాడొక్కడును లేడు. మనకు ఓటును లేదు. పరాయివాడెవడో, తన మిల్లుల అక్కరకొరకే గాక, కొంత ధర్మబుద్ధితోను అడిగిన ప్రశ్నలే మనకు దిక్కయ్యెను. నేడు అట్లు కాదు. పాత ఆనకట్టకు బదులుగా 1957లో ప్రకాశం పంతులుగారి పేర వెలసిన బ్యారేజి మన ప్రభుత్వము కట్టించినది. ఓటును మన చేతనే ఉన్నది.

కావున పెద్దలారా, ఓటు కోరి వచ్చినవారిని మా ఊరికేమి తెత్తువని అడుగుట ఉచితమే. దానితోపాటు, నీవారికి రుచింపని సత్యమును ఎన్నడైన పలికితివా యని కూడ అడుగుడు. మనకు రుచింపని సత్యమును పలికినవానిని మరుసటి ఎన్నికలో మనమేమి చేయుదుమో అదియును ఆలోచింపుడు. మాంచెస్టరువారు ఓడించిరి, బర్మింగుహామువారు గెలిపించిరి. మన గ్రామములు ఏ పట్టణమును బోలవలెనో మీరే నిర్ణయింపుడు.