పార్టీ ఎవరిది?

(రొంపిచెర్లలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామందికి ఏదో ఒక పార్టీ సభ్యత్వం ఉండే ఉంటుంది. ఇంటికి నాలుగు కార్డులు రాయించుకుపోయినప్పుడు అందులో మీ పేరు కూడా రాసి ఉంటారు. కొందరికి ఆ సంగతి తెలుసు, కొందరికి తెలియదు. కార్డు మాత్రం ఇంట్లో మగవాళ్ళ చొక్కా జేబులోనో, గ్రామ నాయకుడి సంచీలోనో ఉంటుంది. అందుకని ఈరోజు ఒక చిన్న ప్రశ్న అడుగుదామనుకుంటున్నాను. పార్టీ అంటే ఎవరు? కార్డు ఉన్న మనమా? మన ఓట్లతో గెలిచి హైదరాబాదుకో, అమరావతికో వెళ్ళిన శాసనసభ్యులా? లేక అందరి పైన కూర్చున్న ఒక్క అధ్యక్షుడా?

ఈ ప్రశ్న మన రాష్ట్రంలో చాలా పెద్దగా, బాహాటంగా ముందుకొచ్చిన సందర్భం 1995 ఆగస్టు. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు 1984 ఆగస్టును గుర్తు చేసుకోవాలి. 1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశం 1983 జనవరిలో అధికారంలోకి వచ్చింది. మరుసటి సంవత్సరం ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్.టి. రామారావును తొలగించి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశారు. శాసనసభ్యులను కాపాడుకోవడానికి వాళ్ళను పొరుగు రాష్ట్రంలో దాచవలసి వచ్చింది. ఊళ్ళలో జనం రోడ్ల మీదికి వచ్చారు. సరిగ్గా నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, రామారావు మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆనాడు జనం చెప్పిన మాట ఒక్కటే: మేము ఓటేసింది ఒకరికి, మీరు కుర్చీ ఎక్కించింది ఇంకొకరిని.

పదకొండేళ్ళ తర్వాత అదే పార్టీలో, అదే నాయకుడి మీద, అంతకంటే పెద్ద తిరుగుబాటు జరిగింది. 1994 డిసెంబరు ఎన్నికల్లో తెలుగుదేశం 216 స్థానాలు గెలిచింది. తొమ్మిది నెలలు కూడా నిండకముందే శాసనసభ్యుల్లో అత్యధికులు చంద్రబాబునాయుడి వెంట హైదరాబాదు వైస్రాయ్ హోటల్లో చేరారు. రామారావు తిరుగుబాటుదారులను బహిష్కరించారు, శాసనసభను రద్దు చేయమని గవర్నర్ కృష్ణకాంత్‌కు సిఫారసు చేశారు. అది చెల్లలేదు. ఆగస్టు 31న ఆయన రాజీనామా చేశారు, సెప్టెంబరు 1న చంద్రబాబునాయుడు ప్రమాణం చేశారు. 1996 జనవరి 18న రామారావు చనిపోయారు. పార్టీ పేరూ, సైకిలు గుర్తూ చంద్రబాబు పక్షానికే మిగిలాయి.

ఒక పక్కన అధ్యక్షుడు 'పార్టీ నాది, నేను పుట్టించాను' అన్నారు. ఇంకో పక్కన శాసనసభ్యులు 'మేము ఎక్కువమందిమి, కాబట్టి మేమే పార్టీ' అన్నారు. ఈ రెండు వాదాల మధ్య, జెండాలు మోసిన మామూలు సభ్యులను అడిగినవాళ్ళు లేరు. రామారావు వైపు నిలబడి దీన్ని కేవలం వెన్నుపోటుగా చూసేవాళ్ళు ఒక సంగతి మర్చిపోతారు. 1989లో తన మంత్రివర్గాన్నంతటినీ ఒక్కసారిగా తీసేసిన నాయకుడాయన. అప్పుడూ ఎవరినీ అడగలేదు. పై నుంచి కిందికి నియామకాలతో నడిచిన పార్టీలో సభ్యులకు మాట్లాడే చోటే లేనప్పుడు, ఆపద వచ్చిన రోజున నాయకుడి తరఫున మాట్లాడటానికి సభ్యులనే వ్యవస్థ ఎక్కడినుంచి వస్తుంది? అలాగని శాసనసభ్యులది ప్రజాస్వామ్య తిరుగుబాటు అనడానికీ వీల్లేదు. హోటల్ గదుల్లో సంతకాలు పెట్టడం ప్రజాస్వామ్యం ఎలా అవుతుంది?

ఇక మనకు ముఖ్యమైన విషయం. ఆ సంక్షోభానికి కారణం ఎవరని చెప్పారు? ఒక ఆడమనిషి అని చెప్పారు. లక్ష్మీపార్వతి మన పక్కనున్న నరసరావుపేటలో అధ్యాపకురాలిగా పనిచేసిన మనిషి. 1993లో ఆమె రామారావును పెళ్ళి చేసుకున్నారు. పార్టీని పట్టిన 'దుష్టశక్తి' అని ఆమెకు పేరు పెట్టారు. పదవి లేకుండా పెత్తనం చేస్తున్నారన్నది ఆరోపణ. పదవి లేనివాళ్ళు పెత్తనం చేయకూడదన్నది సరైన సూత్రమే, నేను కాదనను. కాని ఆ సూత్రాన్ని ఎవరికి వర్తింపజేశారో చూడండి. తిరుగుబాటు మొదలైనప్పుడు అందులో ముందున్నవాళ్ళు ఇద్దరు అల్లుళ్ళూ, ఒక కొడుకూ. అల్లుడి రాజకీయం నాయకత్వం అయింది, కొడుకు రాజకీయం వారసత్వం అయింది, భార్య రాజకీయం మాత్రం జోక్యం అయింది. ఆమె రాజకీయాలను మనం ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. వాటిని రాజకీయాలుగా విమర్శించకుండా ఆమె పెళ్ళినీ, నడతనూ, గతాన్నీ వీధిలోకి లాగడం పితృస్వామ్యం చేసే పని.

పల్నాడు వాళ్ళకు ఇది కొత్త కథ కాదు. అన్నదమ్ముల మధ్య రాజ్యం పంపకాల తగాదా గురజాలకూ మాచర్లకూ మధ్య యుద్ధమై కారంపూడి దాకా వచ్చింది. తప్పు ఎవరిదని అడిగితే ఇప్పటికీ ముందు వచ్చే పేరు నాయకురాలు నాగమ్మది. ఆస్తి మగవాళ్ళది, కత్తులు మగవాళ్ళవి, నింద మాత్రం మంత్రాంగం నడిపిన ఆడదానిది. అధికారం గురించి మగవాళ్ళు పోట్లాడుకున్న ప్రతిసారీ ఈ పాత కథ పనికొస్తూనే ఉంది.

ఆ నింద మాటున మరుగున పడిపోయిన అసలు సంగతి ఇంకొకటి ఉంది. 1994లో ఆ 216 స్థానాలు ఊరికే రాలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ కదలిక జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి కాంగ్రెసు ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. సంపూర్ణ మద్యనిషేధం తెస్తానని రామారావు మాట ఇచ్చారు, 1994 డిసెంబరులో ప్రమాణం చేసిన రోజునే ఆ ఫైలు మీద సంతకం చేశారు. 1995 జనవరి 16 నుంచి నిషేధం అమలైంది. అంటే ఆ ప్రభుత్వానికి ఆడవాళ్ళు ఇచ్చినది ఓటు మాత్రమే కాదు, ఒక కార్యక్రమం కూడా.

నాయకుడు మారాక ఏమైంది? 1996లో కిలో రెండు రూపాయల బియ్యం మూడున్నర రూపాయలైంది. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు. ఖజానా నిండాలన్నారు, దొంగసారా ఆగడం లేదన్నారు. ఆ ఇబ్బందులు నిజమే కావచ్చు. కాని నిషేధం మాట మీద గెలిచిన సభ్యులే, అదే శాసనసభలో, దాన్ని తీసేశారు. మళ్ళీ మన దగ్గరికి వచ్చి అడగలేదు. ప్రతినిధులకూ సభ్యులకూ మధ్య చీలిక అంటే నా దృష్టిలో ఇదే. వైస్రాయ్ హోటల్లో చీలింది నాయకత్వం. మనకూ పార్టీకీ మధ్య చీలిక నిషేధం ఎత్తేసిన రోజున బయటపడింది.

చట్టం ఏమంటుందని మీరు అడగవచ్చు. 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం మూడోవంతు మంది చీలితే తప్పు కాదంది. 2003లో ఆ వెసులుబాటు తీసేశారు. మూడింట రెండువంతుల మంది విలీనం పేరుతో వెళ్ళే దారి మాత్రం ఉంచారు. 2019 జూన్‌లో తెలంగాణలో పన్నెండుమంది కాంగ్రెసు శాసనసభ్యులు ఆ దారినే అధికార పార్టీలో కలిశారు. ఒకడు గోడ దూకితే ఫిరాయింపు, పన్నెండుమంది కలిసి దూకితే విలీనం! మహారాష్ట్రలో శివసేన చీలినప్పుడు, 2023 ఫిబ్రవరిలో ఎన్నికల సంఘం చట్టసభల్లో బలాన్ని చూసి పార్టీ పేరూ గుర్తూ ఒక వర్గానికి ఇచ్చింది. అదే ఏడాది మే నెలలో సుప్రీంకోర్టు మాత్రం రాజకీయ పార్టీ వేరు, శాసనసభాపక్షం వేరు, విప్‌ను నియమించే హక్కు పార్టీదే అని చెప్పింది. మంచి మాట. కాని ఆ పార్టీలో కార్డు ఉన్న మనిషి ఉందా? పార్టీల్లో అంతర్గత ఎన్నికలు చట్టబద్ధం కావాలని లా కమిషన్ 1999లోనే సిఫారసు చేసింది. ఏ పార్టీ దాన్ని నెత్తికెత్తుకోలేదు.

2023లో 106వ రాజ్యాంగ సవరణ ద్వారా చట్టసభల్లో మహిళలకు మూడోవంతు స్థానాలు రాసుకున్నారు. జనగణన, పునర్విభజన తర్వాత అని షరతు పెట్టారు. ఆ స్థానాలు వచ్చిన రోజున టికెట్టు ఎవరు ఇస్తారు? గ్రామ కమిటీలో మన మాట లేకపోతే, పంచాయతీల్లో 'సర్పంచి భర్త'ను చూసినట్టే రేపు శాసనసభ్యురాలి భర్తనూ చూస్తాం.

అందుకని మూడు పనులు మన చేతిలోనే ఉన్నాయి. ఒకటి, మన కార్డు మన దగ్గర ఉండాలి. మన పేరు ఎవరు రాశారో, రుసుము ఎవరు కట్టారో తెలుసుకోవాలి. రెండు, గ్రామ కమిటీని సభ్యులను కూర్చోబెట్టి ఎన్నుకోమని అడగాలి. ఇంటి యజమాని తరఫున లెక్క పెడితే ఒప్పుకోకూడదు. మూడు, మన ఓటుతో గెలిచిన మనిషి పార్టీ మారినా, ఇచ్చిన మాట మార్చినా, ఊళ్ళోకి వచ్చినప్పుడు దండలు వేసేముందు కారణం చెప్పమనాలి. ఇవి ఏ పార్టీ వాళ్ళైనా చేయవచ్చు. పార్టీలు వేరైనా మన ప్రశ్న ఒకటే.

దూబగుంటలో ఆడవాళ్ళు దుకాణం మూయించడానికి పార్టీ అనుమతి కోసం ఆగలేదు. పార్టీలే వాళ్ళ వెనక వచ్చాయి. ఓటు వేశాక కూడా మన పని ఉంటుందని మర్చిపోయిన రోజున, మనం సంపాదించుకున్నది మన పేరు మీదనే తీసేస్తారు.